తెల్లబడిన లచ్ఛా

అమీర్‌పేటలో సముద్రం లేదు. అందువల్ల లైట్‌హౌసు ఉద్యోగం అంటే ఏమిటో ఆ గల్లీలో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. యాకూబ్ ఏం చేస్తాడని అడిగితే కరెంటాఫీసులో అని కొందరు, ఓడల మీద అని కొందరు చెప్పేవాళ్లు. బావమరిది నజీరుద్దీన్‌కు పంజాగుట్టలో సైకిల్ టాక్సీ దుకాణం ఉండేది. అద్దె సైకిలు కోసం వచ్చిన ప్రతివాడికీ అతను, "మా దుల్హేభాయ్‌ది గవర్నమెంటు నౌకరి. సముద్రానికి బత్తి పెడ్తడు" అని గొప్పగా చెప్పేవాడు. సముద్రానికి బత్తి ఎందుకని అడిగినవాడికి ఆ రోజు పాత సైకిలే దక్కేది.

అలాంటి యాకూబ్ ఎనభై నాలుగు ఎండాకాలంలో సెలవు మీద వచ్చి మళ్లీ పోలేదు. ఒంట్లో బాగాలేదు, కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమని పైవాళ్లే పంపించారు. ఏం బాగాలేదో మాత్రం వాళ్లూ చెప్పలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. చేతులు వణికేవి. సాసర్లో పోసుకున్న చాయ్ సగం లుంగీ మీదే ఒలికేది. ఆ మిగిలిన సగం కూడా నోట్లో పాత రాగిపైసా పెట్టుకున్నట్టు ఉండేది. "చాయ్‌ల ఏం కలిపినవ్?" అని భార్య వహీదాను రోజూ అడిగేవాడు. ఆమె రోజూ "పాలు, చాయ్‌పత్తి, చక్కెర" అని చెప్పేది. మొదట్లో నవ్వుతూ చెప్పింది. తర్వాత మామూలుగా చెప్పింది. రంజాను వెళ్లేసరికి విసుక్కుంటూ చెప్పడం మొదలుపెట్టింది.

అంతకంటే వింత అతని సిగ్గు. పూర్వం సెలవుకొస్తే గల్లీ అంతా అతని చుట్టూ చేరేది. ఈసారి ఎవరైనా తలుపు కొడితే చాలు, చెవుల దాకా ఎర్రబడి, లోపలి గదిలో పరదా వెనక్కి పోయి నిలబడేవాడు. పొరుగింటి ముసలామెను చూసినా అంతే. ఆమె వెళ్లిపోయాక బయటికి వచ్చి, తాను ఎందుకు దాక్కున్నాడో తనకే అర్థంకాక, ఆ కోపం బిందె మీదో చెంబు మీదో చూపించేవాడు. యాభై ఏళ్లు నిండని మనిషి, ఐదు పూటలా నమాజు తప్పని మనిషి, ఇలా ఎందుకయ్యాడని ఇంట్లో వాళ్లు తలలు పట్టుకున్నారు. అందరికంటే ఎక్కువ తల పట్టుకున్నది అతనే.

ఆ లైట్‌హౌసు కోస్తాలో ఒక ఇసుకదిబ్బ మీద ఉండేది. పేరు చెప్పినా ప్రయోజనం లేదు, దగ్గర్లో ఊరే లేనప్పుడు పేరు ఎవరికి గుర్తుంటుంది. తాగే నీళ్లు పడవలో రావాలి. గాలి ఎదురు తిరిగితే పడవ రాదు. పడవ రాకపోతే బియ్యం రాదు, కిరసనాయిలు రాదు, మనిషి ముఖం కూడా కనబడదు. పైకెక్కే మెట్లు గోడ వెంట చుట్టూ తిరుగుతూ పోతాయి. నూనె డబ్బాలు భుజాన వేసుకుని ఎక్కీ దిగీ అక్కడివాళ్ల మోకాళ్లు మనిషి కంటే ముందే ముసలివైపోతాయి. గాలివానలో అద్దాల మీద ఉప్పు పేరుకుంటే దీపం ఓడలకు కనబడదు కాబట్టి, నడుముకు తాడు కట్టుకుని బయటి కమ్మీల దగ్గరికి పోయి తుడవాలి. ఒకసారి అలా తుడుస్తుంటే గాలి యాకూబ్‌ను ఎత్తి కమ్మీకేసి కొట్టింది. పక్కటెముక విరిగింది. డాక్టరు దగ్గరికి పడవ దొరికేలోపు అది దానంతటదే అతుక్కుంది, కాస్త వంకరగా. ఆ వంకర చూపించి అమీర్‌పేటలో పిల్లల్ని నవ్వించేవాడు.

నవ్వించని సంగతి ఇంకొకటి ఉంది. పెళ్లయిన కొత్తలో వహీదా అక్కడికి కాపురానికి పోయింది. కడుపుతో ఉండగా నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. పడవ రాలేదు. బిడ్డను ఆ ఇసుకలోనే పెట్టి వచ్చారు. ఆ తర్వాత ఆమె అక్కడికి పోలేదు, అతను రమ్మని అడగలేదు. అమీర్‌పేటలో తమ్ముడి ఇంట్లో ఒక గది తీసుకుని ఉండిపోయింది. ఏడాదికి రెండుసార్లు వచ్చే మొగుడి కోసం మిగతా రోజులన్నీ ఎదురుచూసేది. మళ్లీ పిల్లలు కలగలేదు. అయినా ఆ ఇద్దరి మధ్యా ప్రేమకు లోటు రాలేదని గల్లీ మొత్తానికీ తెలుసు. కొందరికి కాస్త అసూయ కూడా.

ఇక లైట్‌హౌసులో యాకూబ్ చేసే పని చెప్పాలి. దీపం చుట్టూ మనిషికంటే ఎత్తైన అద్దాల పంజరం ఒకటి తిరుగుతుండాలి. అది తిరిగితేనే ఓడవాడికి వెలుగు వస్తూ పోతూ కనబడి, ఇది ఫలానా చోటు అని తెలుస్తుంది. అంత బరువు సులువుగా తిరగాలని దాన్ని కట్టిన తెల్లదొరలు ఒక ఉపాయం చేశారు. ఇనప తొట్టి నిండా పాదరసం పోసి, అద్దాల పంజరాన్ని దాని మీద తేలేలా పెట్టారు. వేలితో తోస్తే చాలు, తిరుగుతుంది. కానీ పాదరసం మీద దుమ్ము పడి నల్లటి తెట్టు కడుతుంది. తెట్టు కడితే పంజరం మొరాయిస్తుంది. అప్పుడు పాదరసాన్ని కిందికి వదిలి, మెత్తటి గుడ్డలో పోసి, చేత్తో పిండి, తెట్టంతా గుడ్డలో ఉండిపోయాక శుభ్రమైనది మళ్లీ తొట్టిలో పోయాలి. గది కిటికీలు మూసి చేయాలి, లేకపోతే గాలికి మళ్లీ దుమ్ము పడుతుంది. పక్కనే దీపం వేడి. పైవాళ్లు చెప్పిన జాగ్రత్త ఒక్కటే, ఖరీదైన సరుకు కాబట్టి చుక్క కూడా పారబోయొద్దని.

బజారు గుడ్డ దీనికి పనికిరాదు, గంజి ఉంటుంది. బాగా కట్టి, బాగా ఉతికి, అరిగిన మల్మల్ గుడ్డ అయితే బ్రహ్మాండంగా పనికొస్తుంది. యాకూబ్ సెలవుకొచ్చినప్పుడల్లా వహీదా పాత దుపట్టాలు అడిగి పట్టుకుపోయేవాడు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయాడు. భార్య దుపట్టాలో నల్ల తెట్టు పిండుతానని ఏ ముఖం పెట్టుకుని చెప్తాడు? తలగడ కింద పెట్టుకోవడానికి కాబోలు అని ఆమె అనుకుంది, మురిసిపోయింది. అతను అలాగే అనుకోనిచ్చాడు. అంత మురిసిపోయే మనిషికి నిజం చెప్పి ఏం బాగుపడాలి? కొత్త దుపట్టా వేసుకున్నా, పాతబడ్డాక ఇది ఆయన తలగడ కిందికి పోయేదే కదా అని ఆమె దాన్ని జాగ్రత్తగా ఉతుక్కునేది.

అక్కడ యాకూబ్ మీద పెద్ద ఉద్యోగి అచ్యుతరావు. కోస్తా మనిషి, మాటకారి, నవ్వితే మెట్ల కింద దాకా వినబడేది. "ఏంటి యాకూబూ, మీ ఆవిడ పంపిన దుపట్టా కూడా మీ ఆవిడంత మెత్తనిదేనా?" అని వేళాకోళం చేసేవాడు. ఒక తుఫానులో తిప్పే యంత్రం చెడిపోతే ఇద్దరూ వంతులేసుకుని తొట్టి మీద వంగి, అద్దాల పంజరాన్ని చేత్తోనే తిప్పారు. ఏ ఓడా మునగలేదు. ఏ ఓడవాడికీ వీళ్ల పేర్లు తెలియవు, అది వేరే సంగతి. తర్వాత కొన్నేళ్లకు అచ్యుతరావు మారిపోయాడు. యాకూబ్ ముందు అన్నం తినడానికి సిగ్గుపడేవాడు. ఒక గరిటె కోసం పెద్ద గొడవ చేసి, తర్వాత గరిటె పట్టుకుని ఏడ్చాడు. ఒక మధ్యాహ్నం చెప్పులు కూడా లేకుండా ఆ కాలే ఇసుకలో నడిచి వెళ్లిపోయాడు. జాలరివాళ్లు పట్టుకొచ్చారు. సముద్రం పట్టిందని వాళ్లన్నారు. ఒంటరితనమని వచ్చిన ఆఫీసరు అన్నాడు. ఇంటివాళ్లొచ్చి తీసుకుపోయారు. తనకు మాత్రం నమాజు ఉంది, అమీర్‌పేటలో వహీదా ఉంది, తనకేమీ కాదని యాకూబ్ ధైర్యం చెప్పుకున్నాడు.

తనకూ అయింది. అయితే ఏం అయిందో తెలియదు. అదే బాధ.

ఈసారి వచ్చేటప్పుడు ట్రంకుపెట్టె ఎవరు సర్దారో కూడా అతనికి గుర్తు లేదు. వహీదా పెట్టె విప్పితే పైజమాల మధ్య తన ఆకుపచ్చ దుపట్టా కనిపించింది. ఉతికి, మడత పెట్టి ఉంది. ఒక కొసకు గట్టి ముడి. ఏదో గుర్తుపెట్టుకోవాలంటే కొంగుకు ముడేసుకోవడం ఆడవాళ్లకు అలవాటే. మొగవాడు భార్య దుపట్టాకు ముడేసుకున్నాడంటే, తననే గుర్తుపెట్టుకోవడానికి వేసుకున్నాడు కాబోలు అనుకుంది. కళ్లు తుడుచుకుంది. ఆ ముడి విప్పలేదు. అరలో తన పెళ్లినాటి లచ్ఛా ఉంది, నల్లపూసల మధ్య బంగారు గుండ్లు గుచ్చిన దండ. రోజూ మెడలో వేసుకునేది సన్నటి నల్లపూసల పేరు మాత్రమే. లచ్ఛా పెళ్లిళ్లకూ పండుగలకూ తీసేది. దాన్ని ఆ దుపట్టాలో చుట్టి, ఎంతో ప్రేమగా మళ్లీ అరలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఎప్పటిలాగే గోడకున్న మేకుకు తగిలించింది.

పగలు ఇంట్లో ఉండలేక యాకూబ్ బయట తిరిగేవాడు. ఎక్కడెక్కడ తిరిగాడో ఇంటికి వచ్చేసరికి సగం మరిచిపోయేవాడు. ఒకసారి పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ దీపం కింద నిలబడిపోయాడు. ఎరుపు, పచ్చ, మళ్లీ ఎరుపు. చాలా సక్రమంగా తిరుగుతోంది. పైన ఎవరో మంచి పనిమంతుడు ఉన్నాడనుకున్నాడు. పాపం అతన్ని దించి ఇంకొకరిని ఎక్కించడానికి ఎవరైనా వస్తున్నారో లేదోనని దిగులుపడ్డాడు. పోలీసాయన ఈల వేసి పక్కకు జరగమంటే సిగ్గుతో ముఖం మంటలెత్తింది. అక్కడి నుంచి బావమరిది దుకాణం ఎదురుగానే ఉన్నా దారి తెలియక, చివరికి నజీరుద్దీనే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

ఇంకోచోట మాత్రం అతనికి హాయిగా ఉండేది. అమీర్‌పేట బజారులో రాజనర్సయ్య అనే కంసాలి దుకాణం. చిన్న పలక, ముందు కుంపటి, ఊదుగొట్టం. గొట్టంతో ఊదితే మంట సన్నగా, నీలంగా సాగేది. యాకూబ్ రోడ్డుకు ఇవతలే నిలబడి ఆ మంటను చూసేవాడు. ఎంతసేపు చూసినా తనివి తీరేది కాదు. లోపలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. మనుషులంటే సిగ్గు కదా.

చేతుల వణుకు చూసి గల్లీ తన తీర్పు తాను చెప్పేసింది. తాగుతున్నాడు. సముద్రం ఒడ్డున, ఒంటరిగా, అడిగేవాడు లేక అలవాటయింది, ఇంకేముంది! ఎదురుగా ఎవరూ అనలేదు, గల్లీకి అంత మర్యాద ఉంది. వహీదా చెవిన పడేటట్టు మాత్రం అన్నారు. ఆమె నమ్మలేదు. కానీ అతను నమాజుకు పోయినప్పుడు ఒకట్రెండుసార్లు అతని చొక్కా వాసన చూసింది. అలా చూసినందుకు తన మీద తనకే అసహ్యం కలిగింది.

వర్షాలు మొదలయ్యాక చుట్టాలింట పెళ్లి వచ్చింది. బయల్దేరే ముందు వహీదా అరలోంచి దుపట్టా తీసి, మడతలు విప్పింది. నల్లపూసలు నల్లగానే ఉన్నాయి. వాటి మధ్య గుండ్లు బంగారంలా లేవు. మచ్చలు మచ్చలుగా కొన్ని, పూర్తిగా కొన్ని, వెండిలా తెల్లగా మెరుస్తున్నాయి. ఆమె వాటిని కొంగుతో తుడిచింది. ఇంకా మెరిశాయి.

"అజీ, గిదేంది?" అని ఆమె అరిచిన అరుపుకు ముందు గదిలో ఉన్న నజీరుద్దీన్ పరిగెత్తుకొచ్చాడు.

నజీరుద్దీన్ దండ తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. బంగారం తీసి గిల్టు గుండ్లు గుచ్చారు, అంతే కదా. ఆ దండ వహీదా పెళ్లికి వాళ్లమ్మ తన చేతులతో గుచ్చినది. వాళ్లమ్మ ఇప్పుడు లేదు. దండను తీసుకుపోయి యాకూబ్ ముందు పట్టాడు.

"దుల్హేభాయ్, నేను నిన్ను ఏమన్నా అన్ననా ఇన్ని దినాలు? గల్లీ అంత తాగుబోతు అన్నది, నేను కొట్లాడిన. అమ్మ ఇచ్చిన సొమ్ము గది. జర నిజం చెప్పు."

యాకూబ్ పరదా వైపు జరగబోయాడు. ముఖం ఎర్రబడింది, చేతులు ఎప్పటికంటే ఎక్కువ వణికాయి. దొంగలా కనబడటానికి ఇంకేం కావాలి?

"నువ్వే తీసినవా?" వహీదా అడిగింది. ఆ ప్రశ్నలో కోపం లేదు. లేదని చెప్పు, నమ్ముతాను అని బతిమాలుతున్నట్టు అడిగింది.

తీశానా? యాకూబ్ నిజంగానే ఆలోచించాడు. తాళంచెవి ఎక్కడుంటుందో తనకు తెలుసు. మధ్యాహ్నాలు తన తలలో నిలవడం లేదు. కంసాలి దుకాణం మాత్రం స్పష్టంగా గుర్తుంది. మంట గుర్తుంది, గొట్టం ఊదే మనిషి బుగ్గలు గుర్తున్నాయి. కంసాలి దుకాణానికి మనిషి ఎందుకు పోతాడు? కొనడానికో అమ్మడానికో పోతాడు. తాను ఏమీ కొనలేదు. ఆ లెక్క అతనికి గట్టిగా కుదిరింది. ఇన్నాళ్లుగా తల్లో ఒక్క విషయమైనా ఇంత గట్టిగా కుదరలేదు కాబట్టి దాన్నే పట్టుకున్నాడు.

"నేనే అయ్యుంట" అన్నాడు.

"అయ్యుంట ఏంది? తీసినవా, లేదా?" నజీరుద్దీన్ గట్టిగా అడిగాడు.

"తీసిన. రాజనర్సయ్య దుకాణంల ఇచ్చిన."

"ఎందుకిచ్చినవ్?"

"యాదికి లేదు."

వహీదా మంచం మీద కూలబడింది. అతను తప్పు ఒప్పుకుంటే మనసు తేలికవుతుందని ఎక్కడో విన్నాడు. తేలిక కాలేదు. చేయని పని ఒప్పుకున్నానేమో అన్న అనుమానం ఒకటి కొత్తగా మొదలైంది. చేశాడా, చేయలేదా? ఎవరిని అడగాలి? తనకు తెలియాల్సింది తనకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ రోజు ఎవరూ పెళ్లికి పోలేదు. సాయంత్రం నజీరుద్దీన్ అక్కను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాడు.

"ఆపా, గిది తాగుడు ఒక్కటే గాదు. సోమారం పొద్దుగాల ఎర్రగడ్డకు తీస్కపోయి సూపిస్త. చుట్టాలకు ఎర్కగాకుంట ఏదో జెప్దాం."

ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి అని హైదరాబాదులో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. కూరగాయల మార్కెట్టు కూడా అక్కడే ఉంది కానీ, మనిషిని ఎర్రగడ్డకు తీసుకుపోయారంటే వంకాయల కోసం అని ఎవరూ అనుకోరు. పరదా వెనక నిలబడిన యాకూబ్‌కు ఆ మాట వినబడింది. కోపం రాలేదు. భయం వేసింది. అచ్యుతరావు ఇసుకలో నడిచిపోయిన నడక కళ్లముందు కనబడింది.

సోమవారం తెల్లవారాక, తమ్ముడు బయల్దేరకముందే వహీదా బురఖా వేసుకుని, లచ్ఛాను అదే దుపట్టాలో చుట్టి సంకన పెట్టుకుంది.

"పద. ఆ కంసలాయన దగ్గరికి. ఎవరికమ్మిండో అడుగుదం. ఎర్రగడ్డ సంగతి తర్వాత."

దారి పొడవునా అతను రెండడుగులు వెనకే నడిచాడు. తాను దొంగో కాదో ఇంకాసేపట్లో పరాయి మనిషి ఒకడు చెప్పబోతున్నాడు. ఔనంటే ఈ వణుకు చేతుల్నీ, ఈ మతిలేని తలనీ ఎర్రగడ్డలో అప్పగించి రావచ్చు. కాదంటే మరి నేనెందుకు ఔనన్నాను? రెండింట్లో ఏది తనకు మేలో యాకూబ్‌కు తోచలేదు.

రాజనర్సయ్య అరవై దాటిన మనిషి. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని వాళ్లను చూశాడు.

"అన్న, గీయన నీకు బంగారమిచ్చిండట. మా అమ్మ పెట్టిన సొమ్ము. ఎట్లనన్న జేసి వాపసు ఇప్పియ్యి" అంది వహీదా.

"గీ భాయా? నాకా?" రాజనర్సయ్యకు నవ్వొచ్చింది. "రోజు గాడ నిలవడి మంటను జూస్తడు. రావయ్యా కూసో అంటె పారిపోతడు. ఇయ్యాల్టిదాంక మాటనే మాట్లాడలె, బంగారమెప్పుడిచ్చిండమ్మా?"

వహీదా దుపట్టా పలక మీద పెట్టింది. కంసాలి మడతలు విప్పి దండ చేతిలోకి తీసుకున్నాడు. ఒక గుండును గోటితో గీకాడు. గీటురాయి మీద రాసి చూశాడు. తర్వాత దుపట్టాను చూశాడు. కొసన ఉన్న ముడి విప్పాడు. అందులోంచి కందిగింజంత తెల్లటి బొట్టు ఒకటి జారి, పలక మీద రెండుగా చీలి, మళ్లీ కలిసి, అంచు దాకా దొర్లింది.

"పాదరసం" అన్నాడు రాజనర్సయ్య. "బంగారం ఏడికి పోలేదమ్మా, గుండ్లు మొత్తం బంగారమే. పాదరసం తాకితె బంగారం గిట్లనే తెల్లవడ్తది. మీ ఇంటికి గిది ఎట్లొచ్చింది?"

అప్పుడు యాకూబ్‌కు మాట వచ్చింది. కొన్ని నెలల తర్వాత మొదటిసారి అతని నోట మాట వరసగా వచ్చింది. తొట్టి గురించి, తెట్టు గురించి, వడకట్టడం గురించి, ఆ ముడి తానే వేసిన సంగతి గురించి చెప్పాడు. పిండగా మిగిలినది పారబోయకుండా కొసకు కట్టడం అలవాటు, ఈసారి విప్పడం మరిచిపోయాడు. చెప్తూ చెప్తూ వహీదా వైపు చూసి ఆగిపోయాడు. తలగడ కింద పెట్టుకోవడానికి కాదని ఇప్పుడామెకు తెలిసిపోయింది.

వహీదాకు ఆ ధ్యాస లేదు. మొగుడు దొంగ కాదు. తాగుబోతు కాదు. బురఖా ముసుగు లోపల ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు.

"మళ్ల పసుపు చెయ్యొస్తదా అన్న?"

"ఎందుకు రాదు. నిప్పుల వెడ్తె పాదరసం పొగై పోతది, బంగారం మిగుల్తది. దారం తెంపుదునా?"

"తెంపకన్న. విప్పు." మొగుడు పక్కన ఉండగా నల్లపూసల దారం తెంపనివ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది. రాజనర్సయ్య ఓపికగా ముడి విప్పి, ముందుగా ఒక్క గుండును కుంపట్లో పెట్టాడు. ఊదుగొట్టం అందుకున్నాడు. నీలపు మంట సాగింది. గుండు మీది నుంచి సన్నటి పొగ, కనబడీ కనబడనట్టు లేచింది. తెలుపు పోయి, మసకగా, మొద్దుగా, పసుపు బయటపడింది.

యాకూబ్‌కు అంత సంతోషం ఎన్నాళ్లయిందో కలిగి! సిగ్గంతా మరిచిపోయి, పలక దగ్గరికి జరిగి, కుంపటి మీదికి ముఖం వంచాడు.

"వెనక్కు! వెనక్కు జరుగు భాయ్!" రాజనర్సయ్య గొట్టం పక్కన పడేసి అతని రొమ్ము మీద చెయ్యి పెట్టి తోశాడు. "ఆ పొగ మంచిది గాదు. మా నాయిన దేవుని విగ్రహాలకు పాదరసంల బంగారం కలిపి మొలాం పూసెటోడు, జీవితమంత గదే పని. గీ పొగల్నే ఉన్నడు. ఆఖరికి చేతులు వణికి వణికి గ్లాసు పట్టుకోరాకపాయె, మా అమ్మ తాపేది. మనుషులొస్తె సిగ్గువడి లోపలికి ఉర్కెటోడు. ఉత్తగనే కోపం. ఊరంత తాగుడు అన్నరు. జన్మల ముట్టనోడు, సచ్చేదాంక తాగుబోతు పేరు మోసిండు."

"పాపం పెద్దాయన" అన్నాడు యాకూబ్, మనస్ఫూర్తిగా. మళ్లీ మెడ చాచి కుంపటిలోకి చూశాడు. రెండో గుండు ఎప్పుడు పెడతాడా అని అతని తొందర.

వహీదా కుంపటి వైపు చూడటం లేదు. పలక అంచు పట్టుకుని వణుకుతున్న అతని వేళ్లనే చూస్తోంది. ఒక్క ఊపున ఆ చెయ్యి పట్టుకుని లాగింది. చెప్పు ఒకటి జారిపోయినా ఆగలేదు. దుకాణం దాటి, కాలువ దాటి, రోడ్డుకు అవతల బస్సులు ఆగే చోటుకు ఈడ్చుకుపోయింది.

"అరే, లచ్ఛా ఆడనే ఉన్నది" అన్నాడతను. "వహీదా, లచ్ఛా!"

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ముసుగు ఎత్తేసి, నడిబజారులో, అందరూ చూస్తుండగా, అతని రెండు చేతులూ పట్టుకుని పెద్దగా ఏడ్చింది. యాకూబ్‌కు ఏమీ అర్థం కాలేదు. బంగారం పసుపైంది. తాను దొంగ కాదని తేలింది. ఇక ఎర్రగడ్డకు పోవాల్సిన పని కూడా లేదేమో. అన్నీ బాగయ్యాక ఇప్పుడు ఏడుపెందుకు? దుపట్టాల సంగతి దాచినందుకు కోపమొచ్చిందేమో అనుకున్నాడు.

"తప్పయింది" అన్నాడు మెల్లగా. "తలగడ కింద పెట్టుకుంటనని నేనెన్నడు చెప్పలే. నువ్వే అనుకున్నవ్."

"ఎన్ని?" అంది వహీదా.

"ఏంది?"

"నేనిచ్చిన దుపట్టలు. గీ చేతులతోని ఎన్నిట్ల పిండినవ్?"

అతను కళ్లు మూసుకుని గుర్తు చేసుకోబోయాడు. మొదటిది గులాబీ రంగుది. తర్వాత తెల్లది, అంచుకు పూలున్నది. తుఫాను వచ్చిన ఏడు పసుపుది. ఆ తర్వాతది ఏ రంగో తట్టలేదు. బస్సు వచ్చింది, పోయింది. అతను మళ్లీ గులాబీ రంగుదాని దగ్గర నుంచి మొదలుపెట్టాడు.